రెండు పునుగుల లోటు

రూపాయికి బలం వచ్చిన సంగతి కాలవపేటలో అందరికన్నా ముందు నూకరత్నానికి తెలిసింది. టీవీలో చూసి కాదు, పేపర్లో చదివి కాదు. తెల్లారగట్ల నుంచి రొయ్యల షెడ్డులో నిలబడి, ఐసు నీళ్లల్లో చేతులు పెట్టి, తలలు తీసి, పొట్టు వలిచి, పన్నెండింటికి తూకం దగ్గరికి వెళ్తే సూపర్‌వైజరు దానియేలు కిలోకి పద్దెనిమిది బదులు పదిహేను వేశాడు.

"ఇదేంటి బాబూ! ఆ మూడు రూపాయలూ ఏ రొయ్య తినేసింది?"

"రూపాయి బలపడిందంటమ్మా. అమెరికావోళ్లు ఇచ్చే డాలరుకి ఇదివరకటన్ని రూపాయలు రావట్లేదంట. ఓనరు గారు పొద్దున్నే ఫోన్ చేసి సెప్పారు."

"పొద్దున్న బలపడితే మద్దేన్నానికే ఇక్కడికొచ్చేసిందా?"

"బలంగా ఉంది కదమ్మా, గబగబా వచ్చేసింది."

"మరి రెండేళ్ల కిందట రూపాయి పడిపోయినప్పుడు కిలోకి మూడు పెంచలేదేం?"

దానియేలు కాసేపు పాపం నిజంగానే ఆలోచించాడు. "అప్పుడు ఓనరు గారు ఊళ్లో లేరమ్మా" అన్నాడు.

రొయ్యలు వలిచే మనిషికి రూపాయి పడిపోయిందనీ లేచిందనీ ఎలా తెలుసని మీరు అడగొచ్చు. తెలుసు. నూకరత్నానికి కాలవ వంతెన పక్కన పునుగుల బండి ఉంది. పొద్దున షెడ్డు, సాయంత్రం బండి. మొగుడు తాతాజీ కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం పోగొట్టుకుని మంచానికి అతుక్కుపోయాక, ఇద్దరు ఆడపిల్లల చదువూ, ఇంట్లో నలుగురి తిండీ ఆ బండి చక్రాల మీదే నడుస్తున్నాయి. ప్లేటు ముప్పై రూపాయలు, ఎనిమిది పునుగులు, పల్లీ చట్నీ, అడిగితే ఇంకో గరిటె. అలా నడుస్తుండగా రెండేళ్ల కిందట పామాయిల్ డబ్బా మీద ఒక్కసారే మూడొందలు పెరిగింది. ఆరు కన్నా ఎక్కువ వేస్తే గిట్టదు. ఆరు వేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ నూకరత్నం సంగతి వేరు. రోజూ వచ్చే గిరాకీకి చెప్పకుండా రెండు మింగేస్తే ఆమెకి ఆ రాత్రి నిద్ర పట్టదు.

రోజూ ఓ ప్లేటు తినే రిటైర్డు లెక్కల మాస్టారు పాండురంగం గారిని అడిగింది. ఆయన డాలరు గురించీ, ఓడల్లో వచ్చే పామాయిల్ గురించీ వివరంగా చెప్పి, మనవరాలి పలక ఒకటి తెచ్చి తన చేత్తోనే రాసి బండికి తగిలించారు.

"రూపాయి పడిపోవడం వల్ల నూనె ధర పెరిగింది. కావున ప్లేటుకు ఎనిమిది బదులు ఆరు పునుగులే. రేటు ముప్పై రూపాయలే. మన్నించగలరు."

జనం చదివారు, మన్నించారు, తిన్నారు. ఊళ్లో పప్పు పెరిగింది, సబ్బు సన్నబడింది, బిస్కట్ ప్యాకెట్‌లో గాలి పెరిగింది. కారణం రాసి పెట్టింది మాత్రం నూకరత్నం ఒక్కతే.

అందుకని రూపాయి బలపడిందని దానియేలు చెప్పినప్పుడు ఆమెకి ఒక కన్ను ఏడిస్తే ఒక కన్ను నవ్వింది. షెడ్డులో పోయింది నూనె కొట్లో దొరుకుతుందనుకుంది. ఖాళీ డబ్బా పట్టుకుని తిన్నగా కనకలింగం గారి కొట్టుకి వెళ్లింది.

"రూపాయి బలపడిందంటండి. డబ్బా ఎంతకిస్తన్నారు?"

"నిన్నటి రేటేనమ్మా. ఇదంతా పాత స్టాకు. రూపాయి నీరసంగా ఉన్నప్పుడు కొన్నది" అన్నారు కనకలింగం గారు ఎంతో ఓర్పుగా.

"మరి రూపాయి పడిపోయిన రోజున కూడా కొట్టు నిండా పాత స్టాకే ఉంది కదండి? మద్దేన్నానికల్లా మూడొందలు ఎక్కించేశారు!"

"అది అప్పటి పాత స్టాకమ్మా. ఇది ఇప్పటి పాత స్టాకు. రెండిటికీ తేడా లేదూ?"

నూకరత్నం ఆ తేడా కోసం ఇంటికెళ్లేదాకా వెతుక్కుంది, దొరకలేదు.

ఇక్కడ కథలోకి ప్రభుత్వం వారు ప్రవేశించారు. రూపాయి బలపడితే ధరలు తగ్గుతాయని పుస్తకాల్లో ఉంది. తగ్గలేదని జనం అంటున్నారు. పుస్తకం తప్పయ్యే ప్రసక్తి లేదు కాబట్టి, ధరలు తగ్గే ఉంటాయనీ, ఆ తగ్గుదల జనం కళ్లకి ఆనడం లేదనీ పైవాళ్లు తేల్చారు. ఆననిదాన్ని ఆనేట్టు చేయడానికి కొత్తగా ఒక శాఖ పెట్టారు. దాని పేరు రూపాయి బల ఫలాల ప్రజాచేరవేత శాఖ. కాలవపేటకి ఆ శాఖ తరఫున ముక్తేశ్వర ప్రసాద్ గారనే అధికారి, ఇద్దరు గుమాస్తాలు, ఒక జీపు, ఒక కొలత టేపు వచ్చి దిగాయి. నెల రోజుల్లో కనీసం ఒక్క ఫలమైనా జనానికి చేరినట్టు ఫొటోతో సహా నిరూపించాలని ఆయనకి ఉత్తర్వు.

ముక్తేశ్వర ప్రసాద్ గారు వారం రోజులు ఊరంతా తిరిగారు. పెట్రోలు బంకులో అడిగితే ధర మా చేతుల్లో లేదు, పైవాళ్లే ఖాయం చేస్తారన్నారు. ఫోన్ల కొట్లో అడిగితే కొత్త మోడల్ వచ్చాక చూద్దామన్నారు. కనకలింగం గారు కుర్చీ వేసి, కూల్‌డ్రింకు ఇప్పించి, పాత స్టాకు చూపించారు. ఎనిమిదో రోజు సాయంత్రం దిగాలుగా వంతెన మీద నడుస్తుంటే ఆయనకి పలక కనిపించింది. ఒకసారి చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. పోయిన పెన్ను దొరికినంత సంతోషం ఆయన మొహంలో కనపడింది.

"ఇది మీ బోర్డేనా?"

"ఆయ్, మాదేనండి. ప్లేటు ఎయ్యమంటారా?"

"రూపాయి పతనం కారణంగా పునుగుల సంఖ్యను ఎనిమిది నుండి ఆరుకు కుదించినట్లు మీరు ఇందులో రాతపూర్వకంగా అంగీకరించారు. ప్రస్తుతం రూపాయి బలోపేతమై ఉన్నది. కావున కుదింపునకు గల కారణం అంతరించినది. ఆ రెండు పునుగులు ఎక్కడ?"

నూకరత్నం మూకుడు కేసి చూసింది, పిండి గిన్నె కేసి చూసింది. "అయి ఇంకా రాలేదండి" అంది.

"ప్రజలకు చెందవలసిన రెండు పునుగుల బలఫలాన్ని మీరు మధ్యలో నిలుపుదల చేసి ఉన్నారు."

"నేనెక్కడ ఆపానండి బాబూ! నూనె తగ్గలేదు. కనకలింగం గారిని అడగండి."

"అడిగాం. ఆయన ధర పెంచినట్లు ఎక్కడా రాసి పెట్టలేదు. పెంచినట్లు ఆధారం లేనప్పుడు తగ్గించమని ఏ ప్రాతిపదికన అడగగలం? ఊరు మొత్తం మీద ఆధారం ఉన్నది మీ ఒక్కరి దగ్గరే."

"మరి షెడ్డులో కిలోకి మూడు రూపాయలు కోసేశారండి. దానికి ఆధారం నా సేతులండి, సూడండి" అని ఐసుకి తెల్లగా పాలిపోయి ముడతలు పడ్డ వేళ్లు చాపింది.

"అది ఎగుమతి రంగం దేశం కోసం చేస్తున్న త్యాగం. అందులో మీకూ వాటా లభించడం అభినందనీయం. కానీ అది మా పరిధిలోనిది కాదు. మా శాఖ ఫలాలకు మాత్రమే."

మర్నాటికల్లా బండికి నోటీసు అంటించారు. విషయం అని రాసిన చోట 'రెండు పునుగుల లోటు' అని ఉంది. ఇరవై రోజుల్లో ప్లేటుకు ఎనిమిది పునరుద్ధరించాలి. చివరి రోజున శాఖ సంచాలకులు మేడం గారు స్వయంగా విచ్చేసి ఎనిమిది పునుగుల ప్లేటు స్వీకరిస్తారు. లోటు భర్తీ కాని పక్షంలో బండి స్వాధీనం చేసుకోబడును.

బండి పోతుందన్న మాట చదివి నూకరత్నం ఇంటికొచ్చి గడపలో కూలబడి బావురుమంది.

"ఆ పలక పెట్టకపోతే పీడా పోయేది కదే" అన్నాడు తాతాజీ మంచం మీంచి. "ఊళ్లో అందరూ నోరు మూసుకుని ఉంటే నీకొక్కదానికే ఎందుకే అంత నీతి? పోనీ రేటు నలభై చేసి ఎనిమిది ఎయ్యి."

"రేటు ముప్పయ్యేనని కూడా పలక మీద రాసుంది!"

తాతాజీ తల పట్టుకున్నాడు.

మర్నాడు అదే పిండితో చిన్న చిన్నగా ఎనిమిది వేసింది. ముక్తేశ్వర ప్రసాద్ గారు ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుగులో తిప్పి చూశారు. "ఇది పరిమాణ వంచన. సంఖ్యను పునరుద్ధరించి పరిమాణాన్ని హరించారు. పునుగు తన పూర్వపు పరిమాణంలోనే ఉండాలి" అన్నారు.

అయితే పూర్వపు పునుగు ఎంత ఉండేది? ఎక్కడా రికార్డు లేదు. దాంతో ప్రమాణ పునుగు నిర్ధారణ కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు ముక్తేశ్వర ప్రసాద్ గారు, సభ్యులు ఇద్దరు గుమాస్తాలు, ప్రధాన సాక్షి పాండురంగం మాస్టారు. మాస్టారు మాటంటే మాటే అనే మనిషి. పాపం, నూకరత్నం కేసి చూడలేక నేల చూపులు చూస్తూనే సాక్ష్యం చెప్పారు.

"నిమ్మకాయంత ఉండేదండి."

"ఏ నిమ్మకాయ? కోసినప్పటిదా, వారం నిలవున్నదా?" అడిగారు అధ్యక్షులు.

నిమ్మకాయలు తెప్పించారు. పెద్దది, చిన్నది, మధ్యరకం. ఒక్కోదాని సైజులో నూకరత్నం చేత పునుగులు వేయించి, కొలిచి, చుట్టుకొలత రాసుకుని, కొలిచినవి కొలిచినట్టే కమిటీ వారు తినేశారు. తింటేగానీ లోపలి సాంద్రత తెలియదట. నాలుగు రోజులు రోజుకి రెండు దఫాలు కూర్చున్నారు. చట్నీ కూడా పరిశీలనలో భాగమేనన్నారు. నూనె నూకరత్నంది, పిండి నూకరత్నంది, గ్యాసు నూకరత్నంది. నాలుగో రోజు సాయంత్రం పెద్ద గుమాస్తాకి కడుపులో తిప్పడంతో కమిటీ ఏకాభిప్రాయానికి వచ్చింది. ఖరారైన సైజులో రెండు పునుగులు వేయించి, ఆరబెట్టి, గాజు సీసాలో పెట్టి, మూతకి లక్క ముద్ర వేసి, 'ప్రమాణ పునుగు ఒకటి, ప్రమాణ పునుగు రెండు' అని చీటీ అంటించి ఆఫీసు బీరువాలో దాచారు.

నూకరత్నానికి ఆ నాలుగు రోజుల్లో ఒక డబ్బా నూనె ఖర్చయింది. కొత్త డబ్బా కొనడానికి పెద్దపిల్ల ట్యూషన్ మానిపించింది. ఆ పిల్ల పుస్తకాలు సర్దుకుని పిండి రుబ్బడానికి కూర్చుంది. ఆ పిల్ల తిడితే కాస్త నయంగా ఉండేదనుకుంది నూకరత్నం.

ఆఖరి రోజు రానే వచ్చింది. 'రూపాయి బలం, ప్లేటు దాకా' అని వంతెనకి అడ్డంగా బ్యానరు కట్టారు. బండికి మామిడి తోరణం, పక్కన షామియానా, షామియానా కింద ఆహ్వానితులు. మేడం గారు నాలుగింటికి రావాలి. నూకరత్నం ఆ రోజు షెడ్డు మానేసి, అరువు తెచ్చిన పిండీ నూనెతో మూకుడు సిద్ధం చేసుకుని కూర్చుంది. ఈ ఒక్క రోజు గట్టెక్కితే బండి దక్కుతుంది.

నాలుగైంది. మేడం గారు బయల్దేరారని ఫోను వచ్చింది. నాలుగున్నరకి కూడా బయల్దేరారనే వచ్చింది. ఆహ్వానితులకి ఆకలేసింది. "వచ్చిన పెద్దలను బలఫలానికి దూరం చేయరాదు" అని ముక్తేశ్వర ప్రసాద్ గారు సెలవిచ్చారు. షామియానా కింద వాళ్లకి ప్లేటుకి ఎనిమిది చొప్పున ఉచితంగా వెళ్లాయి. తర్వాత డ్రైవర్లకి వెళ్లాయి. బ్యానరు కట్టినవాళ్లకి వెళ్లాయి. ఫొటోలు తీసే అతను రెండు ప్లేట్లు తిన్నాడు.

"సారూ, పిండి అయిపోతంది, మేడం గారికి కాసింత అట్టేపెట్టనివ్వండి" అని నూకరత్నం మూడుసార్లు మొత్తుకుంది. "కంగారు పడకండి, అంతా ప్రణాళిక ప్రకారమే జరుగుతోంది" అని ఆయన మూడుసార్లు అన్నారు.

ఆరున్నరకి మేడం గారి కారు వంతెన ఎక్కింది. అదే సమయానికి నూకరత్నం గిన్నె అడుగు గీకి ఆఖరి వాయి దింపింది. లెక్క చూసుకుంది. ఆరు.

ముక్తేశ్వర ప్రసాద్ గారి మొహం పాలిపోయింది. "రెండేవీ? ఎనిమిది ఉండాలి! ఫొటోలో ఎనిమిది కనపడాలి!"

"మీవోళ్లే తినేశారండి."

కారు తలుపు తెరుచుకుంది. ఆయన ఒక్క క్షణం ఆకాశంలోకి చూసి, చటుక్కున పెద్ద గుమాస్తా చేతిలోంచి గాజు సీసా లాక్కున్నారు. పోలిక చూపించడానికని దాన్ని బీరువాలోంచి తెచ్చి ఉంచారు. లక్క ముద్ర పగలగొట్టి, ప్రమాణ పునుగు ఒకటినీ, ప్రమాణ పునుగు రెండునూ ప్లేటులో వేశారు.

"వద్దండి బాబూ! అయి పదిహేను రోజుల నాటియండి!" నూకరత్నం చెయ్యి అడ్డం పెట్టింది.

"ముద్ర వేసినవి పాడవవు" అని గుసగుసలాడి, ఆ చెయ్యి పక్కకి నెట్టి, ప్లేటు మేడం గారికి అందించారు.

ఫొటో తీశారు. చప్పట్లు కొట్టారు. మేడం గారు చిరునవ్వుతో ఎనిమిదీ లెక్కపెట్టి, పై వరసలో ఉన్నదాన్ని తీసుకుని కొరికారు. షామియానా చివర కూర్చున్నవాళ్లకి కూడా ఆ చప్పుడు వినపడింది. మేడం గారు దవడ పట్టుకున్నారు.

"ఏంటిది ఇంత గట్టిగా ఉంది?"

"రూపాయి బలం, మేడం! పునుగులోకి నేరుగా దిగింది" అన్నారు ముక్తేశ్వర ప్రసాద్ గారు.

మేడం గారు ఆయన్ని వదిలేసి నూకరత్నం కేసి తిరిగారు. "నువ్వు చెప్పమ్మా."

నూకరత్నానికి అబద్ధం రాలేదు. ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి అలవాటు లేదు. "పాత స్టాకండి" అంది.

మేడం గారు దవడ నిమురుకుంటూ లెక్క వేసుకున్నారు. ఎనిమిది లేవంటే నెల రోజుల శాఖ ఖర్చుకి జవాబు చెప్పాలి. ఉన్నాయంటే తన పన్ను సంగతి మర్చిపోవాలి. ఆవిడ అనుభవమున్న అధికారి.

"ఎనిమిది అందాయి. రికార్డు చేసుకోండి" అన్నారు. "లోటు భర్తీ అయినట్లు ఫైలు మూసేయండి. బండికి అభ్యంతరం లేదు."

నూకరత్నం రెండు చేతులూ జోడించింది. ఆవిడ కారెక్కబోతూ ఆగి పలక చదివారు.

"ఇదింకా ఉందేమిటి? రూపాయి బలంగా ఉన్న రోజుల్లో పడిపోయిందని బోర్డా? అసలు గొడవంతా దీనివల్లే వచ్చింది. ధరకి కారణం రాసే అధికారం చిల్లర వర్తకులకి ఎవరిచ్చారు? తుడిపించండి. ఇకమీదట ఎవరూ కారణాలు రాయకూడదు."

పెద్ద గుమాస్తా తడిగుడ్డతో పలక తుడిచాడు. మాస్టారి గుండ్రటి అక్షరాలు నీళ్లై బండి మీదికి కారాయి.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. ఎనిమిది పునుగులూ స్పష్టంగా కనపడ్డాయి. బండి దగ్గర మాత్రం ప్లేటుకి ఎప్పటిలాగే ఆరే.

రెండు నెలలు తిరిగాయో లేదో రూపాయి మళ్లీ పడిపోయింది. ఈసారి కూడా ముందుగా తెలిసింది నూకరత్నానికే. పొద్దున్న డబ్బాకి వెళ్తే కనకలింగం గారు నాలుగొందలు ఎక్కువ చెప్పారు. కొట్టు నిండా నిన్నటి డబ్బాలే ఉన్నాయి. ఆమె వాటికేసి చూసింది గానీ ఏమీ అడగలేదు. షెడ్డుకి వెళ్లి, "రూపాయి పడిపోయింది కదా బాబూ, మా మూడు రూపాయలు మాకిచ్చెయ్యి" అంది.

"ఇయ్యన్నీ పాత ఆర్డర్లమ్మా" అన్నాడు దానియేలు.

ఆ సాయంత్రం బండి దగ్గర ఖాళీ పలక ముందు సుద్దముక్క పట్టుకుని నూకరత్నం చాలాసేపు నిలబడింది. తర్వాత సుద్దముక్కని కాలవలోకి విసిరేసి, మూకుడు కింద మంట పెట్టింది.

మొదటి గిరాకీ ముక్తేశ్వర ప్రసాద్ గారే. తనిఖీకని వచ్చారు. పలక ఖాళీగా ఉండడం గమనించి తృప్తిగా తల ఊపి, డైరీలో 'కాలవపేటలో లోటు ఏదీ కనపడలేదు' అని రాసుకున్నారు. ప్లేటులో ఉన్న అయిదు పునుగులూ చట్నీ నంచుకుని తిని వెళ్లిపోయారు. లెక్కపెట్టలేదు.

తర్వాత పాండురంగం మాస్టారు వచ్చారు. ఆయన లెక్కల మాస్టారు, చూపుతోనే లెక్క తెలిసిపోతుంది. ప్లేటు చూసి, తలెత్తి పలక చూసి, సుద్దముక్క కోసం జేబు తడుముకున్నారు.

"అయిదేనా రత్నమ్మా? ఉండు, రాసి పెడతాను. నూనె మళ్లీ పెరిగిందని."

"ఒద్దండి మాస్టారూ. రాస్తే వచ్చి రెండు అడుగుతారు. రాయకపోతే ఎవరూ ఏదీ అడగరు. తినెయ్యండి, సల్లారిపోతాయి."

మాస్టారు ఇంకేదో అడగబోయారు. నూకరత్నం అప్పటికే తల వంచేసి తర్వాతి వాయికి పిండి తీసుకుంటోంది. బండి పెట్టిన ఇన్నేళ్లలో, గిరాకీ మొహం చూడకుండా ప్లేటు అందించడం ఆమెకి అదే మొదటిసారి.